నాన్న గురించి నాలుగు ముక్కలు

“కష్టపడి పనిచేసేవాడు” అన్నాడు కొడుకు.

“తర్వాత?” అంది చెల్లెలు.

“తర్వాత కూడా కష్టపడి పనిచేసేవాడు.”

సాయంత్రం మేస్త్రీల సంఘం హాల్లో నాన్న సంతాప సభ. కొడుకుగా నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. అతను మందుల కంపెనీ ప్రతినిధి. నోరు పెట్టుకుని బతికే ఉద్యోగం. డాక్టర్ల ముందు దగ్గుమందు గురించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడేవాడికి కన్నతండ్రి గురించి రెండో ముక్క దొరకడం లేదు.

నాన్న తాపీ మేస్త్రి. తెల్లారకముందే పనికి వెళ్ళి, చీకటి పడ్డాక కనుబొమల నిండా సిమెంటుతో తిరిగొచ్చేవాడు. అన్నం తింటూ తింటూనే కునుకు తీసేవాడు. సెలవు రోజున బలవంతంగా చుట్టాల ఇంటికి తీసుకెళ్తే, కాఫీ వచ్చేలోగా వాళ్ళ గోడలన్నీ వేలితో తట్టి చూసి, ఎవరు కట్టారని అడిగి, జవాబు విని నిట్టూర్చేవాడు. ఆ చుట్టాలు మళ్ళీ పిలిచిన పాపాన పోలేదు. ఇద్దరు పిల్లల్నీ చదివించాడు, పెళ్ళిళ్ళు చేశాడు. వాళ్ళతో కబుర్లు చెప్పడానికి మాత్రం ఆయనకి తీరిక చిక్కలేదు.

గోడలు తట్టే సంగతి చెప్పనా అంటే, పరువు పోతుంది ఊరుకోమంది చెల్లెలు. అమ్మని అడిగితే, ఆవిడ కాసేపు ఆలోచించి, “మంచివారు” అని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అంతలో గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడ్డాడు.

“మేస్త్రి గారిల్లు ఇదేనా బాబూ? పోయారని ఇటుకల కొట్టు దగ్గర ఇప్పుడే చెప్పారు” అన్నాడు. అవునని తలూపేలోగా భోరుమన్నాడు.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఒక ఆనకట్ట పనిలో కలిసి చేశారట. తర్వాత ఎవరి దారి వాళ్ళది. స్నేహితుణ్ణి ఒక్కసారి చూసి పోదామని ఇన్నేళ్ళకి బయల్దేరి వస్తే, ఈ కబురు ఎదురైంది.

“ఎలా ఉండేవారండీ మా నాన్న?” అని ఆశగా అడిగాడు కొడుకు.

ఎలా ఉండేవాడేమిటి, పరంజా ఎక్కాడంటే పాట మొదలేనన్నాడు పెద్దాయన. కింద కూలీలంతా పని ఆపేసి వినేవారట. ఇదేం గోలని తిట్టడానికి వచ్చిన ఇంజనీరు కూడా సిమెంటు బస్తా మీద కూర్చుని ఇంకో పాట అడిగి మరీ పాడించుకున్నాడట. ఒకనాడు కాంట్రాక్టరు అందర్నీ నోటికొచ్చినట్టు తిట్టి, భోంచేసి, నీడన నడుం వాల్చాడు. లేచేసరికి ఆయన చుట్టూ నాలుగు వైపులా గోడ. లోపల్నుంచి గావుకేకలు పెడుతుంటే, బయట మేస్త్రి ఎంతో వినయంగా, కిటికీ ఎటు పెట్టమంటారని అడిగాడట.

చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వింది. నాన్న పోయాక ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. వంటింటి గుమ్మంలో అమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

“మా ఇంట్లో ఈ మనిషి ఎప్పుడూ కనబడలేదండీ” అన్నాడు కొడుకు.

“సంసారం నెత్తిన పడ్డాక ఇంకేం పాటలు బాబూ. ఎవరికోసం మానేశాడనుకున్నావు?”

కొడుకు కాగితం తీసి రాసుకోసాగాడు.

వెళ్ళేటప్పుడు అమ్మ ఆయన్ని వీధి చివరిదాకా సాగనంపి, చెయ్యి చూపిస్తూ ఏదో చెప్పింది. ఆయన అంత వయసులోనూ పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. బస్సు వేళయింది కాబోలనుకున్నాడు కొడుకు.

సభలో అతను దుమ్ము దులిపేశాడు. పాటలకి చప్పట్లు, గోడకి ఈలలు. ముందు వరసలోని ముసలి మేస్త్రి ఒకాయన లేచి, ఆ గోడ కట్టిన రోజు తనూ అక్కడే ఉన్నానని, ఇటుకలు అందించింది తానేనని చెప్పి మరీ కూర్చున్నాడు.

ఇక ముగిద్దామనుకుంటుండగా, అనుకోని మాటలు అతని నోటివెంట వచ్చాయి.

“నన్ను హైస్కూల్లో చేర్చిన రోజు హెడ్మాస్టరు గారు చెయ్యి చాపితే, నాన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మర్యాద తెలీదేమిటని నాకు సిగ్గేసింది. ఇంటికొచ్చాక చూశాను. సిమెంటు తినేసి వేళ్ళన్నీ పగిలి, నెత్తురు కారుతోంది. హెడ్మాస్టరు గారి చేతికి అంటుతుందని వెనక్కి పెట్టుకున్నాడట.”

ఈలలు వేసినవాళ్ళు తమ చేతుల వైపు చూసుకున్నారు. అమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి నడుస్తుంటే అతను ఉండబట్టలేక అడిగాడు. “ఆ పాటలు, ఆ గోడ... ఇన్నేళ్ళలో మాకు ఒక్కసారీ చెప్పలేదేంటమ్మా?”

అమ్మ వెనక్కి తిరిగి, సంఘం వాళ్ళెవరూ దగ్గర్లో లేరని చూసుకుని, గొంతు తగ్గించింది.

“ఆ పెద్దాయన ఎవరికోసం ఏడ్చాడో, ఆ మేస్త్రి వెనక వీధిలో నిక్షేపంగా ఉన్నాడురా.”