మెంటర్ సంతకం

క్రిస్టీనాకి ఆ మనిషిని చూస్తే కంపరం.

పాతికేళ్లు ఉంటాయో లేదో, అప్పుడే పొట్ట. టక్ చేసిన తెల్లచొక్కా, చెమటకి చారలు కట్టిన పౌడరు. ఎప్పుడూ చేతులు నలుపుకుంటూ ఒక నవ్వు.

ఆమెది అమలాపురంలో మెకానికల్ ఇంజనీరింగు, ఆఖరి సంవత్సరం. ఈ సెమిస్టరుకి పాఠాలు లేవు. ఏదైనా కంపెనీలో పని నేర్చుకుని, అక్కడి ఇంజనీరుతో రిపోర్టు మీద సంతకం పెట్టించుకు రావాలి. ఆ సంతకం లేకపోతే డిగ్రీ లేదు. మామిడికుదురులో గ్యాసు పైపులకి మరమ్మతులు చేసే కంపెనీకి కాలేజీవాళ్లు పంపారు. 'మా ఇంజనీరు అక్కడే ఉంటారు, అన్నీ చూపిస్తారు' అని కాకినాడ నుంచి ఓనరు ఫోన్లో చెప్పాడట.

కంపెనీ అంటే ఎరువుల కొట్టు మీద ఒక గది. రెండు కుర్చీలు, ఒక ఫ్యాను, యూరియా కంపు. తాళం కింద కొట్లోనే ఉంటుంది, ముందొచ్చినవాళ్లు తీసుకోవడమే.

"ఉద్యోగానికి వెళ్తున్నట్టుండాలి" అని టీచరైన తల్లి హన్నా మొదటిరోజు తన చీరే కట్టించి పంపింది. మెట్లెక్కేసరికి అతను అప్పటికే కూర్చుని ఉన్నాడు. దిగ్గున లేచాడు.

"రండి మేడమ్, రండి. సాయిదుర్గాప్రసాదండి నా పేరు. మీకోసమే చూస్తున్నాను." ఫ్యాను కింద కుర్చీ చేతిరుమాలుతో తుడిచి మరీ వేశాడు.

చదువుకునే పిల్లని పట్టుకుని మేడమేమిటి? ఆ వెటకారానికి ఒళ్లు మండింది.

"ఏం చేద్దాం సార్ ఇవాళ?"

"మీరెలా అంటే అలాగేనండి, ఆయ్."

"సైటుకి వెళ్దామా సార్?"

"మీరెప్పుడంటే అప్పుడేనండి."

అని కూర్చున్నచోటే కూర్చున్నాడు. ఆమె లేస్తే లేచాడు, కూర్చుంటే కూర్చున్నాడు. రోజూ ఇదే తంతు. ఒక్క నట్టు బిగించిన పాపాన పోలేదు.

"పైపులో ప్రెజరు పడిపోతే ముందేం చూడాలి సార్?" అని ఒకసారి అడిగింది. "రేపు చెబుతానండి" అన్నాడు. మర్నాడు వచ్చి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు గడగడా అప్పజెప్పాడు. ఇలాంటివాడికి జీతమిచ్చేవాడెవడో అనుకుంది.

పైగా రోజూ కొబ్బరిబొండం కొట్టించి తెచ్చి ఆమె ముందు పెట్టేవాడు.

"ఇవన్నీ ఎందుకు సార్?"

"మీ దయ ఉండాలండి" అనేవాడు, పళ్లికిలిస్తూ.

ఏం దయ? ఏ ఉద్దేశంతో? ఇంటికి రాగానే చేతులు రుద్ది రుద్ది కడుక్కునేది. తల్లితో చెబితే, "ఓర్చుకో అమ్మా, సంతకం ఆయన చేతిలో ఉంది" అంది. అది మరీ రోత. ఆ సంతకం కోసం ఆ బొండాలు తాగింది. ఆ ఇకిలింపుకి తిరిగి నవ్వింది. చివరికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆఖరిరోజు తాడోపేడో తేల్చుకుందామని వచ్చింది. బొండం పక్కకి నెట్టేసింది.

"ఇన్నాళ్లూ ఇక్కడ ఒక్క పనీ జరగలేదు సార్."

అతను తలదించుకున్నాడు. "నిజమేనండి. తప్పు నాదేనండి."

"పోనివ్వండి. సంతకం సంగతైనా ఇవాళ తేలిపోవాలి."

అతని మొహం వెలిగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ మాట మీ నోట రావాలనే చూస్తున్నానండి. అడగడానికి మొహమాటపడ్డాను."

గబగబా సంచి విప్పి, తను చదివే కాలేజీ రిపోర్టు తీసి, 'కంపెనీ ఇంజనీరు సంతకం' అని ఉన్న పేజీ తెరిచి, పెన్ను మూత తీసి, రెండు చేతులతో ఆమెకి అందించాడు.