సిరంజి పట్టిన చెయ్యి

"రెండంటే రెండు నిమిషాలు మాస్టారూ. ఎవరైనా చూస్తే నా ఉద్యోగం ఊడుతుంది" అని బందరు విద్యాశాఖ ఆఫీసులో తెలిసిన గుమాస్తా ఫైలు తెరిచి పెట్టి, అటు తిరిగి కూర్చున్నాడు.

అనంతకృష్ణ ఆ ఆకాశరామన్న ఉత్తరాన్ని గబగబా చదివాడు.

ఒక్కటే పేజీ. నాగాయలంకలో ప్రభుత్వ టీచరుగా పనిచేస్తున్న అనంతకృష్ణ గుడివాడలోని సొంతింట్లో శని, ఆదివారాలు ట్యూషన్లు చెబుతున్నాడట. మొత్తం పద్నాలుగు మంది పిల్లలట. ఆదివారం మొదటి బ్యాచ్ ఏడింటికట. ఇలాంటివాడికి గుడివాడ బదిలీ ఇస్తే ఇక బడికేం వెళ్తాడట. ఇట్లు, ఒక శ్రేయోభిలాషి.

అందులో ఒక్క అబద్ధం లేదు. అదే అసలు మంట.

ఎనిమిదేళ్ళుగా సోమవారం మొదటి బస్సుకి వెళ్ళడం, శనివారం సాయంత్రానికి ఇల్లు చేరడం. అక్కడ అద్దె గది, కిరోసిన్ స్టవ్వు, ఉడికీ ఉడకని అన్నం. భార్య ఉమాశ్రీ గుడివాడలోనే టీచరు. భార్యాభర్తలు ఒకేచోట ఉండాలన్న కోటాలో ఈసారి బదిలీ ఖాయమని అందరూ అన్నారు. ఈ ఒక్క కాగితంతో అది కాస్తా గోవిందా. ఆ ఖాళీలోకి అవనిగడ్డ నుంచి పూర్ణచంద్రరావు వచ్చి కూర్చున్నాడు. పూర్ణచంద్రరావు అంటే ఎవరో కాదు, ఇరవయ్యేళ్ళ స్నేహితుడు. అతని కాపురమూ గుడివాడలోనే.

రెండో నిమిషంలో అనంతకృష్ణ అక్షరాలు వదిలేసి ఇంకు చూశాడు. ప్రతి వరసలోనూ అక్షరాల నడుమ వెంట్రుకంత తెల్ల గీత. ఆయనకి వెంటనే అర్థమైపోయింది. ఇంట్లో ఇంకు ఎక్కించిన ప్రింటరు కాట్రిడ్జి. అదీ తొందర చెయ్యి. సిరంజి నెమ్మదిగా నొక్కకపోతే లోపల గాలి బుడగ నిలుస్తుంది. బుడగ నిలిస్తే గీత పడుతుంది.

ఈ విద్యలో ఆయన ఘనాపాటి. ట్యూషన్ నోట్సులన్నీ ఇంట్లోనే ప్రింటు తీసేవాడు. కొత్త కాట్రిడ్జి కొనడం ఆయన దృష్టిలో మహాపాపం. శనివారం బస్సు దిగగానే కాళ్ళు కడుక్కుని, పేపరు పరిచి, స్టిక్కరు పీకి, మందుల షాపులో కొన్న సిరంజితో చుక్కచుక్కగా నల్ల ఇంకు ఎక్కించేవాడు. ఉమాశ్రీ పక్కన నిలబడి చూసేది. ముట్టుకోనిచ్చేవాడు కాదు. "నీకు చేతకాదులే" అనేవాడు.

ప్రింటరొక్కటే కాదు, ఆ రెండు రోజుల్లో ఇల్లంతా ఒక దారిలో పెట్టేవాడు. పోపుల డబ్బాలో గిన్నెల వరస మార్చేవాడు. ఆమె దిద్దిన పరీక్ష పేపర్లు మళ్ళీ దిద్దేవాడు. ఆవిడ మారుమాట అనేది కాదు. ఆదివారం సాయంత్రం ఐదు కాకుండానే కందిపొడి సీసాతో సహా ఆయన బ్యాగు సర్ది గుమ్మం దగ్గర పెట్టేది. అంత శ్రద్ధగల ఇల్లాలు అందరికీ దొరుకుతుందా?

ఈ రీఫిల్లు విద్య ఆయన నేర్పింది ఒక్క పూర్ణచంద్రరావుకే. పైగా వాళ్ళబ్బాయి ఏడింటి బ్యాచ్‌లోనే ఉన్నాడు. పిల్లల లెక్క ఇంకెవరికి తెలుస్తుంది?

బందరు బస్సు దిగి తిన్నగా వాళ్ళింటికే వెళ్ళాడు. పూర్ణచంద్రరావు ఎదురొచ్చాడు.

"రండి మాస్టారూ! ఇందిరా, టీ పెట్టు."

"మీ టీ మీరే తాగండి. తొందరపడి నొక్కొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. బుడగ నిలిచింది చూశారా?"

"ఏం బుడగండీ?"

"ఉత్తరం కొట్టింది మీరని నాకు తెలియదనుకున్నారా? పోస్టు కావాలంటే నన్నడగొచ్చుగా! వెన్నుపోటు దేనికి?"

పూర్ణచంద్రరావు మొహం పాలిపోయింది. "మా అబ్బాయి మీద ఒట్టు. వాళ్ళిచ్చారు, చేరాను. ఇంకేమీ ఎరగను మాస్టారూ."

"పిల్లాడి మీద ఒట్టేసి మరీ అబద్ధాలా?"

టీ గ్లాసుతో వచ్చిన ఇందిరాదేవి గుమ్మంలోనే నిలబడిపోయింది. అనంతకృష్ణ వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు. పోస్టు పోతే పోయింది, మనిషి పోయాడన్నదే ఎక్కువ బాధ.

ఇంటికొస్తూనే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పూర్ణచంద్రరావు భార్య పేరు మీద ఇన్సూరెన్సు ఏజెన్సీ నడిపే సంగతి ఆయనకీ తెలుసు. ఎవరెవరి చేత కట్టించాడో పేర్లతో సహా తెలుసు. అది పైకి వెళ్తే సస్పెన్షనే. పావుగంటలో టైపు చేసేశాడు. కింద "ఒక శ్రేయోభిలాషి" అని కూడా పెట్టాడు.

"ఎవరి మీదండీ?" వంటింట్లోంచి వచ్చి అడిగింది ఉమాశ్రీ.

"ఇంకెవరు? నా బతుకు నాగాయలంకలో పాతిపెట్టినవాడి మీద. వాడి ఉద్యోగం ఊడగొట్టకపోతే నా పేరు అనంతకృష్ణే కాదు."

"ఆయనే రాశారని ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? ఇంకు చెప్పింది."

ప్రింటరు కాగితాన్ని లోపలికి లాక్కోబోయింది. ఉమాశ్రీ చెయ్యి చాపి స్విచ్ కట్టేసింది. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆయన పనికి ఆమె అడ్డం రావడం అదే మొదటిసారి. అనంతకృష్ణ తెల్లబోయి చూశాడు.

"ఏమిటే ఇది?"

ఆమె పైట చెంగుతో చేతులు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది.

"ఆయన ఉసురు పోసుకోకండి, వారానికి రెండ్రోజులు మీతో వేగడమే నా వల్ల కావట్లేదు, ఇక రోజూ అంటే భయమేసి ఆ ఉత్తరం నేనే రాసి పోస్టులో వేశానండీ."