గడియ వేసిన గది

"తలుపు తియ్యవే! టీ చల్లారిపోతోంది."

అత్తగారి గొంతు వినగానే డాక్టరు మొదట లాప్‌టాప్ మూసేసింది. ఆ తర్వాతే గడియ తీసింది.

ఆసుపత్రిలో తీసిన స్కాన్‌లు ఇంటి నుంచే చూసి, ఏముందో రాసి పంపడం ఆమె ఉద్యోగం. పేషెంటు సంగతి ఈ గుమ్మం దాటకూడదని ఆమె పట్టుదల. అందుకే ఫోన్లో కూడా ఎవరి పేరూ పలకదు.

"కళ్ళెందుకలా ఎర్రబడ్డాయి? ఎవరికైనా బాగాలేదా?" కప్పు అందిస్తూ అడిగింది అత్తగారు.

"పనెక్కువైంది అత్తయ్యా."

"నాకు చెబితే వీధంతా చాటింపు వేస్తానా? మీ మామయ్య కూడా షికారుకెళ్ళారు. ఉన్నది మనిద్దరమే."

"మీ అబ్బాయి అడిగినా చెప్పను."

"అబ్బో!" మూతి ముడుచుకుని వెళ్ళిందావిడ. గడియ మళ్ళీ పడింది.

డాక్టరు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్ కలిపింది.

"ఆలోచించారా? గడ్డ ఇంకా చిన్నదే. ఇప్పుడే ఆపరేషన్ చేయిస్తే నయమవుతుంది... లేదండీ, మాటిచ్చాను, నా నోటివెంట రాదు. ఇంట్లో మీరే చెప్పాలి... భయపడతారని ఎన్నాళ్ళు దాస్తారు? ఇలా మొండికేస్తే ఎలా?"

తనకు తెలియకుండానే గొంతు పెంచేసింది. తలుపు దబదబమంది.

"వినాలని వినలేదే! నువ్వు అరుస్తుంటే వంటింట్లోకి వినపడింది," అంది అత్తగారు బయటినుంచి. "ఎవరే ఆ మొండిమనిషి? పెళ్ళానికి చెప్పలేదా?"

"అత్తయ్యా, ప్లీజ్. మీరు వెళ్ళండి."

"ఆయన పేరూ ఊరూ నాకక్కర్లేదు. నా మాట ఒక్కటి ఆయన చెవిన పడనివ్వు."

డాక్టరు కాల్ కట్ చెయ్యబోయి ఆగింది. లేచి తలుపు తీసింది. అత్తగారు ఇయర్‌ఫోన్ల తీగకున్న మైకుకేసి వంగింది.

"అయ్యా, మీరెవరో నాకు తెలీదు. ఆవిడ భయపడుతుందనేగా మీ బాధ? భయపడనివ్వండి! ఏడుస్తుంది, కళ్ళు తుడుచుకుని మీ వెంట ఆసుపత్రికొస్తుంది. రేపు మీకేదైనా అయితే, పక్కనే ఉండి కనిపెట్టలేకపోయానని బతికినన్నాళ్ళూ కుమిలిపోదూ? ఆ శిక్ష మాత్రం వెయ్యకండి."

ఇయర్‌ఫోన్లలో ఏదో వినిపించినట్టుంది, డాక్టరు రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"ఏమన్నాడే?"

"ఆపరేషన్‌కి ఒప్పుకున్నారు. ఇవాళే ఆవిడకి చెబుతారట."

"హమ్మయ్య! చూశావా, గట్టిగా చెబితే ఎవరైనా వింటారు." అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఆ మహాతల్లి ఎవరో గానీ, గుండె రాయి చేసుకోవాలి."

వీధి తలుపు చప్పుడైంది. ఇద్దరూ అటు తిరిగారు.

గుమ్మంలో మామగారు, ఫోను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నారు.