కుళ్ళిపోయే చీర

"ఇది నీళ్ళలో పడితే ఎన్నాళ్ళకి కుళ్ళిపోద్దండి?"

దుర్గాశ్రీ చేతిలో చీర మడత అలాగే ఆగిపోయింది. రాజమండ్రిలో ఈ నూలుబట్టల కొట్టు పెట్టి ఏడాది కావస్తోంది. ఎన్నాళ్ళు మన్నుతుందని అడిగినవాళ్ళే గానీ, ఎన్నాళ్ళకి కుళ్ళుతుందని అడిగిన మహాతల్లి ఇంతవరకూ గుమ్మం తొక్కలేదు.

"కుళ్ళడమేంటండీ! చక్కగా ఉతుక్కుంటే ఏళ్ళ తరబడి కట్టుకోవచ్చు. పురుగుమందు కొట్టని పత్తి. చేమగ్గం మీద నేసింది. రంగు కూడా కరక్కాయతో, దానిమ్మ తొక్కలతో వేసిందే. నేతవాళ్ళ కష్టం ఉంచుకోకుండా న్యాయంగా ముట్టజెప్పి మరీ తెచ్చాం," అంటూ దుర్గాశ్రీ రోజూ చదివే పాఠం అప్పజెప్పేసింది.

"కట్టుకోడానికి కాదులెండి," అందావిడ నెమ్మదిగా.

పేరు రత్నమాణిక్యమట. గోదారి అవతల కొవ్వూరు. మొగుడికి పడవుంది, చేపల వేట. చీరని వెలుతురుకి పెట్టి చూసింది. అంచు నలిపి చూసింది. చివరికి వాసన కూడా చూసింది.

"ఇందులో నైలాను పోగులేమన్నా కలిపారేంటండి?"

"మచ్చుకి కూడా ఉండదు. మా కొట్లో ప్లాస్టిక్కి చోటే లేదండి. చీరకి కట్టే బిళ్ళ కూడా, ఇదిగో, కొబ్బరిచిప్పతో చేయించాం."

పెద్ద బొత్తామంత కొబ్బరిచిప్ప ముక్క. దాని మీద కాల్చి వేసిన పత్తిపువ్వు, కింద కొట్టు పేరు. రత్నమాణిక్యం దాన్ని బొటనవేలితో తడుముతూ చాలాసేపు చూసింది.

"ఇలాంటివి అన్ని కొట్లలోనూ కడతారాండి?"

"ఎవరు కడతారు! ఆ పువ్వు నా చేత్తో నేను గీసుకున్న గుర్తు," అంది దుర్గాశ్రీ గొప్పగా. అంతలోనే తనకీ ఓ సందేహం వచ్చింది. "అవునూ, ఈ సందులో ఇలాంటి కొట్టొకటుందని ఊళ్ళోవాళ్ళకే తెలీదు. ఏటవతల మీకెవరు చెప్పారండీ?"

"గోదారమ్మే చూపించిందండి."

"అంతేనండి, అంతా ఆవిడ దయే. కొట్టు తెరిచిన రోజు ముందు ఆవిడకి చీర పెట్టాకే తలుపులు తీశాం."

రత్నమాణిక్యం తలూపింది. ధర చెబితే బేరం కూడా ఆడకుండా డబ్బిచ్చేసింది. సంచీ ఇస్తానంటే వద్దంది.

"ఇప్పుడే పనుందండి. మా ఆయన పడవ రేవుకొచ్చేలోగా అయిపోవాలి."

ఆవిడ సందు మలుపు తిరిగేదాకా దుర్గాశ్రీ చూస్తూ నిలబడింది. ఆ తర్వాత ఆవిడన్న మాటలన్నీ కలిపి చూసుకుంది. కట్టుకోడానికి కాదు. నీళ్ళలో కుళ్ళిపోవాలి. మొగుడు వచ్చేలోగా అయిపోవాలి. పైగా బేరమాడలేదు! చీర కొంటూ బేరమాడని ఆడమనిషికి ఈ లోకం మీద ఆశ ఉన్నట్టా, లేనట్టా?

"ఓరి దేవుడో," అనుకుని కొట్టుకి తాళం పడేసి, చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తింది.

అనుకున్నంతా అయ్యేలా ఉంది. రేవులో ఎవరూ లేనిచోట రత్నమాణిక్యం చీరని గుండెలకి హత్తుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది. ఇంకో మెట్టు దిగింది.

"ఆగండాగండి!" దుర్గాశ్రీ చీరా అదీ తడుపుకుంటూ దిగి ఆవిడ రెక్క పట్టుకుంది. "ఏం కష్టమొచ్చిందో నాతో చెప్పండి. మీకు దణ్ణం పెడతాను, పైకి రండి!"

రత్నమాణిక్యం తెల్లబోయి చూసి, పకపకా నవ్వేసింది.

"అయ్యో రామ! నేనెందుకు చస్తానండి? మా ఆయన బతికి బట్టకట్టాడు, ఇవాళే మళ్ళీ పడవెక్కాడు. గోదారమ్మకి చీర పెడతానని మొక్కుకున్నానండి."

దుర్గాశ్రీకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ప్రాణంతో పాటు నోరూ వచ్చింది.

"ఈ మాత్రం దానికి ఇంత మంచి చీరెందుకండీ? నీళ్ళలో వదిలేదే కదా, ఏదో ఒక పెట్టుడు చీర సరిపోయేది!"

రత్నమాణిక్యం నవ్వు ఆగిపోయింది. పసుపు కుంకాలతో ఆ చీరని నీళ్ళలో వదిలి, దణ్ణం పెట్టుకుంది. ఆ తర్వాత ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు.

"అదేనండి మరి. శ్రావణంలో, వరద మీద, మా పడవ ఇంజను ఫ్యానుకి అలాంటి చీరే చుట్టుకుంది. నైలానండి. పీకేకొద్దీ బిగుసుకుపోయింది. ఇంజను ఆగి పడవ కొట్టుకుపోయింది. బ్రిడ్జి స్తంభానికి తగిలి మా ఆయన కాలు నుజ్జయ్యింది. ఆయన బతకడనే అన్నారండి. అదే నూలు చీరయితే పీకితే చిరుగుద్ది, లేదా ఆపాటికే కుళ్ళిపోయుండేది. ఇవాళ నేను పెట్టిన చీర ఇంకో ఇల్లాలి మొగుణ్ణి పట్టుకోకూడదు కదండి!"

దుర్గాశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పద్ధతీ పాడూ లేని మనుషుల మీద ఒళ్ళు మండిపోయింది.

"గోదారిలో నైలాను పడేస్తారా! ఎవరండీ ఆ చీర వదిలిన మహాతల్లి?"

రత్నమాణిక్యం బొడ్లోంచి గుడ్డపీలిక ఒకటి తీసి దుర్గాశ్రీ చేతిలో పెట్టింది. ఫ్యాను నుంచి కోసి తీసిన చీర కొంగు. ఇన్నాళ్ళు నీళ్ళలో నానినా పోగు కూడా ఊడలేదు. చివర ఒక ముడి ఉంది.

"నాకు ఆవిడ మీద కోపం లేదండి. తెలిసి చేసుంటారేంటి? ముడి మాత్రం భక్తిగానే వేశారు. మీ కొట్టుకొచ్చే నలుగురితో మీరు ఈ మాట చెబుతారనే వెతుక్కుంటా వచ్చానండి. ఆయ్, విప్పి చూడండి."

దుర్గాశ్రీ గోళ్ళతో ముడి విప్పింది.

లోపల కొబ్బరిచిప్ప బిళ్ళ ఉంది.