కెప్టెన్ నోట ఒక్క మాట

"ఒక్క ముక్క చాలు సార్. 'నా పాత్రని పాడుచేశారు' అనండి, అంతే," అన్నాడు సుభాని, ఫోన్ కెమెరాని వీరభద్రరావు గారి ముఖానికి సరిచేస్తూ.

ఆయన నవ్వారు. ఈలోగా ఆయన భార్య బాలాత్రిపురసుందరి గారు చేగోడీల పళ్ళెం తెచ్చి సరిగ్గా కెమెరాకి అడ్డంగా పెట్టి, బెజవాడ నుంచి పామర్రు దాకా బండి మీద వచ్చారు కదా, ముందు తినండి నాయనా అని, ఉయ్యూరు దగ్గర రోడ్డు ఎలా ఉందో అడగడం మొదలెట్టారు. సుభాని ఫోన్ దించేశాడు. ఇలా దించడం ఇది మూడోసారి.

సుభానికి ఆటోనగర్లో స్పేర్ పార్టుల కొట్టుంది. కానీ ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే, 'ధ్రువనౌక' అభిమాన సంఘానికి అధ్యక్షుణ్ణని చెప్పాకే కొట్టు సంగతి చెబుతాడు. పాతికేళ్ళ కిందట ఆదివారాలు టీవీలో వచ్చిన అంతరిక్ష సీరియల్ అది. అందులో కెప్టెన్ మార్తాండగా వేసింది ఈ వీరభద్రరావు గారే. శత్రునౌకల్ని ఒట్టి మాటలతో వెనక్కి పంపేసే కెప్టెన్. చిన్నప్పుడు సుభానికి నత్తి ఉండేది. ఆ డైలాగులు అద్దం ముందు చెప్పీ చెప్పీ దాన్ని వదిలించుకున్నాడు. అంచేత కెప్టెన్ జోలికొస్తే అతను ఊరుకోడు.

ఇప్పుడు జోలికొచ్చారు. అదే కథని వెబ్ సిరీస్‌గా మళ్ళీ తీశారు. కొత్త కెప్టెన్ ఒక అమ్మాయి. పాత కెప్టెన్నీ తెచ్చారు, వీరభద్రరావు గారి చేతే వేయించారు. తీరా చూస్తే ఆరు ఎపిసోడ్లలోనూ ఆయన నోట ఒక్క మాట లేదు. చూస్తాడు, తలూపుతాడు, ఆఖర్న తలుపుకి అడ్డం నిలబడి అందర్నీ బతికించి తాను పోతాడు. దాంతో సంఘం రెండుగా చీలింది.

గుణదలలో ట్యూషన్లు చెప్పే జాన్ పాల్‌ది అవతలి పక్షం. బండి వెనక కూర్చుని దారి పొడుగునా వాదిస్తూనే వచ్చాడు. కొత్తవాళ్ళకి చోటివ్వాలంటే పాతవాడు తగ్గాలని, ఆ చూపులో ఉన్నది వంద డైలాగుల్లో లేదని అతని లెక్క. సుభాని అంతా విని, "ఇంజను పీకేసి, బాడీకి రంగేసి నిలబెడితే దాన్ని లారీ అంటావా?" అన్నాడు.

సుభాని కోపమంతా రచయిత్రి జ్ఞానేశ్వరి మీదే. కెప్టెన్‌కి పేజీలకి పేజీలు డైలాగులు రాశానని మొదట్లో ఆవిడే ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. నిరుడు షూటింగుకి నెల ముందు అన్నీ కొట్టేసింది. ఎందుకని అభిమానులు నిలదీస్తే, కథకి అదే బాగుంటుందనిపించిందని ఊరుకుంది. ఆ తర్వాత ఎన్ని తిట్టినా నోరు విప్పలేదు. ఎంత పొగరో చూడండి. అభిమానులు సిరీస్‌ని బహిష్కరించే పరిస్థితి వస్తే ఆమెని తీసేసి రెండో భాగం వేరేవాళ్ళ చేత రాయిస్తామని సిరీస్ తీసిన కంపెనీ వాళ్ళు సంఘానికి చెప్పారు. బహిష్కరణ పోస్టు సుభాని ఫోన్లో సిద్ధంగా ఉంది. దానికి కెప్టెన్ నోటి మాట కూడా తోడైతే ఇక తిరుగుండదు.

ఆ మాటే దొరకడం లేదు. సిరీస్ చూశారా సార్ అని అడిగితే, రెండుసార్లు చూశారని బాలాత్రిపురసుందరి గారే చెప్పారు. షూటింగులో మర్యాదగా చూసుకున్నారా అంటే, బాగా చూసుకున్నారు గానీ ఏసీ గదిలో ఆయనకి జలుబు చేసిందన్నారు. అటునుంచి సుభాని వాళ్ళమ్మ ఆమినాబీ మోకాళ్ళ నొప్పుల దాకా వెళ్ళి, వాటికి ఏ నూనె రాయాలో కూడా తేల్చేశారు. మా ఇంట్లోనూ మా ఆవిడ ముందు నా గతి ఇంతే సార్ అన్నాడు జాన్ పాల్. వీరభద్రరావు గారు భుజాలు కదిలేలా నవ్వారు.

సుభానికి మాత్రం ఒళ్ళు మండిపోతోంది. సిరీస్‌లో ఆ రచయిత్రి, ఇంట్లో ఈవిడ. పాపం పెద్దాయన, ఎక్కడికి పోయినా ఆయన నోటికి తాళమే. ఇక లాభం లేదని లేచి నిలబడి, పాత సీరియల్లోని కెప్టెన్ డైలాగు అందుకున్నాడు.

"ఈ నౌకలోంచి ఆఖరి మనిషి దిగేదాకా నేను దిగను. ఇది నా మాట!"

వీరభద్రరావు గారి పెదవులు కదిలాయి. కళ్ళు నిండాయి. సుభాని గబుక్కున ఫోన్ ఎత్తాడు. ఆవిడ అంతకన్నా గబుక్కున మధ్యకొచ్చి, మంచినీళ్ళు కావాలా నాయనా అన్నారు.

"అమ్మా, మీరు కాసేపు ఊరుకోండి. సార్‌ని మాట్లాడనివ్వండి."

గట్టిగానే అనేశాడు. జాన్ పాల్ చొక్కా పట్టుకుని లాగాడు. ఆవిడ నిజంగానే ఊరుకున్నారు. వీరభద్రరావు గారు తల దించుకున్నారు.

కంపెనీ వాళ్ళు బెదిరించి ఉంటారని సుభానికి అర్థమైపోయింది. గుండె తరుక్కుపోయింది. "పర్లేదు సార్. మీ బదులు మేం చెప్తాం," అని, జ్ఞానేశ్వరిని తీసెయ్యాలన్న పోస్టు తెరిచి చూపించాడు.

"అది పెడితే, కథ రాసిన ఆ పిల్లని తీసేస్తారా?" అన్నారు బాలాత్రిపురసుందరి గారు.

"తీసేస్తారండీ. తీసెయ్యాలి కూడా."

ఆవిడ భర్త వైపు చూశారు. ఆయన సుభాని చేతిలోని ఫోన్ వంక కాసేపు చూసి, మెల్లగా తలూపారు. ఆవిడ వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"ఎవరికీ చెప్పొద్దని ఆ పిల్ల చేత ఒట్టు వేయించుకున్నది మేమే," అన్నారు. ఇంతసేపూ వాగిన మనిషి ఆవిడేనా అన్నంత చిన్నగా ఉంది గొంతు.

"ఆయనకి మాట పడిపోయి ఏడాది దాటింది నాయనా."