ఊపిరి చప్పుడు

బస్సు కదలబోతుండగా జునీ లేచి నిలబడింది.

“నేను రాను. దిగిపోతాను.”

“మళ్లీ మొదలెట్టిందిరా బాబూ!” వెనక సీట్లోంచి బ్రైసన్ అరిచాడు. “అమ్మకూచీ! ఇంటికెళ్లి పాలు తాగు, పో!”

బస్సంతా గొల్లుమంది. మూడో తరగతి పిల్లలంతా గుహలు చూడ్డానికి వెళ్తున్నారు. వెస్ట్ వర్జీనియా కొండల్లోని ఆ బడికి ఏడాదికి ఒక్కసారే షికారు. జునీ ఎవరి వంకా చూడలేదు. సంచి గుండెలకి హత్తుకుని దిగిపోయింది.

మనసు బాగాలేని పిల్లలతో మాట్లాడ్డానికి బడిలో మిసెస్ హాల్‌స్టెడ్ ఉంది. ఆవిడ ఆ ఊరికి వచ్చి నెల కూడా కాలేదు. గనులు మూతపడ్డాక మత్తెక్కించే నొప్పి మాత్రలు అక్కడ ఎన్ని ఇళ్లని మింగేశాయో మాత్రం వినే ఉంది. జునీని తన గదిలో కూర్చోబెట్టి, చేతిలో బిస్కెట్ పెట్టింది.

“గుహలంటే భయమా తల్లీ?”

“కాదు మిస్. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది.”

“ఉంటే?”

“ఊపిరాగిపోతే?”

బిస్కెట్ అలాగే పట్టుకుని జునీ చెప్పుకొచ్చింది. “ఆ రోజు బాత్రూంలో పడిపోయి ఉంది. పెదాలు నీలంగా అయిపోయాయి. పిలిస్తే పలకలేదు. పరిగెడదామంటే వీధి తలుపు గడియ నాకందలేదు. స్టూలు లాక్కొచ్చి ఎక్కి తీశాను. పక్కింటి డ్యూయీ తాత వచ్చి ముక్కులో మత్తు విరిగే మందు కొట్టాడు. అప్పుడు దగ్గింది.”

“అమ్మకి కాపలా కాయడం నీ పని కాదమ్మా.”

“మీరు కాస్తారా మరి?”



బడి వదిలాక మిసెస్ హాల్‌స్టెడ్ జునీని తనే కారులో ఇంటికి తీసుకెళ్లింది. ఆ పిల్లని ఆ ఇంట్లో ఉండనివ్వాలో వద్దో ఇవాళే తేల్చెయ్యాలనుకుంది. శిశు సంక్షేమ శాఖకి ఒక్క ఫోన్ చేస్తే చాలు, చీకటిపడే లోపు వేరే ఇంటికి చేర్చేస్తారు.

తలుపు తీసే ఉంది. సోఫాలో తల్లి ట్రినా పడి ఉంది. కాళ్ల బూట్లు కూడా విప్పలేదు. ఒక చెయ్యి నేల మీదకి వేలాడుతోంది.

జునీ సంచి పడేసి మోకాళ్ల మీద కూర్చుంది. తల్లి ముక్కు దగ్గర చెవి పెట్టింది. కళ్లు మూసుకుని వింది. చాలాసేపు వింది. తర్వాత ఆ వేలాడే చెయ్యి తీసి తల్లి పొట్ట మీద పెట్టింది.

“బానే ఉంది మిస్,” అంది పెద్ద ఆరిందాలా. “నాకు ఆకలేస్తోంది. మాకరోనీ వేడి చేస్తా. మీకూ పెట్టనా?”

జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి వెళ్లింది.

మిసెస్ హాల్‌స్టెడ్‌కి ఒళ్లు మండిపోయింది. పట్టపగలు, బిడ్డ బడి నుంచి వచ్చే వేళకి ఈ పడకేమిటి! బ్యాగులోంచి ఫోన్ తీసింది.

“వద్దు మేడమ్.”

ట్రినా కళ్లు తెరిచి ఉన్నాయి. తేటగా ఉన్నాయి. వంటింటి వైపు ఓ చూపు చూసి గొంతు తగ్గించింది.

“నేను నిద్రపోలేదు. మీ కారు చప్పుడు విని పడుకున్నా. ఇలా పడుకుని, దానికి వినపడేలా ఊపిరి తీస్తే గానీ అది ముద్ద ముట్టదు. ఎదురుగా నిలబడి నవ్వినా నమ్మదు మేడమ్. దాన్నెవరికి చూపించాలో నాకు తెలీడం లేదు.”

మిసెస్ హాల్‌స్టెడ్ చేతిలో ఫోన్ మెల్లగా కిందికి దిగింది.

“ఎన్నాళ్ల నుంచి ఇలా?”

ట్రినా చేత్తో కళ్లు తుడుచుకుంది.

“నేను మత్తు మానేసి ఇంటికొచ్చిన రోజు నుంచి మేడమ్, ఈ వేసవికి నాలుగేళ్లు.”