నీలమైన చెంప

సావుకారి శివరుద్రప్ప అద్దకం పని చేసే మమ్మల్ని కొడ్తడు. పంచాయితిల అడిగితే "కొట్టలే" అంటడు. అద్దకం మాత్రం ఆయనకు తెల్వదు.

ఇయ్యాల నీలి తొట్టిల నుంచి తీసిన నూలు ఆయన చేతుల పెట్టిన.

"నీలం అద్దమంటే పచ్చగ అద్దినవేందిరా!"

"జర గాలి సోకనియ్యి సావుకారీ. గాలిల ప్రాణవాయువు కలిస్తెనే నీలమైతది. రసాయనశాస్త్రం పుస్తకంల చదివిన."

"నాకే సదువు చెప్తవురా?" అని చెంప మీద ఒక్కటి పీకిండు.

తుడుచుకోకుండ పంచాయితికి ఉరికిన. ఆయన వెనకనే వచ్చిండు.

"దేవుని సాక్షి, వీన్ని ముట్టలే!"

పెద్దమనుషులు నా చెంప చూసి ఒక్కటే నవ్వుడు. ఐదు వేళ్లూ నీలంగ తేలినయి. ఆయన అరచెయ్యి గూడ నీలమే.

తొట్టిల నుంచి తీసిన నూలు పిండకుండ ఎవలికీ ఇయ్యరు. నేను కావాల్ననే పిండలే.